దోస్త్ పిన్ ఎవరి దగ్గరుంది? పాతబస్తీ పిల్లల వివరాలకు కాపలా ఎవరు?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే పాతబస్తీలో జిరాక్స్ షాపులకు, ఇంటర్నెట్ సెంటర్లకు ఊపిరాడదు. షాలిబండ, యాకుత్‌పురా, తలాబ్‌కట్ట, చంద్రాయణగుట్ట, ఏ గల్లీలో చూసినా అదే హడావిడి. డిగ్రీ సీటుకు దోస్త్ రిజిస్ట్రేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఈపాస్, ఆదాయ సర్టిఫికెట్‌కు మీసేవ, కేంద్ర స్కాలర్‌షిప్‌కు ఎన్‌ఎస్‌పీ. ఒక్క సీటు కోసం ఒక అమ్మాయి ఆధార్, ఫోటో, మొబైల్ నంబర్, ఇంటి అడ్రస్, తండ్రి సంపాదన, బ్యాంక్ పాస్‌బుక్ కనీసం నాలుగు చోట్లకు వెళ్తాయి. వెళ్లాక అవి ఎవరి దగ్గర ఉంటాయి, ఎంతకాలం ఉంటాయి అని అడిగే ఇల్లు దాదాపు కనిపించదు. "అప్లికేషన్ అయిపోయిందా, లేదా?" అన్నదే అందరి ప్రశ్న.

ప్రైవసీ అంటే పెద్ద కంపెనీలు, పెద్దవాళ్లు మాట్లాడుకునే విషయమని చాలామంది అనుకుంటారు. పాతబస్తీ కుటుంబం విషయంలో అది నిజం కాదు. ఇక్కడ వివరాలు చేతులు మారితే పోయేది ముందు సీటు, తర్వాత స్కాలర్‌షిప్, ఆ తర్వాత ఇంటి పరువు అని జనం పిలుచుకునేది. ఈ మూడు నష్టాలూ ఎలా జరుగుతాయో విడివిడిగా చూస్తే, కాపలా ఎక్కడ లేదో తెలుస్తుంది.

సీటు సంగతి

డిగ్రీ ఆన్‌లైన్ సర్వీసెస్ తెలంగాణ, అంటే దోస్త్, 2016లో మొదలైంది. ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, మహాత్మాగాంధీ, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీల పరిధిలోని చాలా డిగ్రీ కాలేజీల అడ్మిషన్లు ఒకే పోర్టల్‌లోకి వచ్చాయి. హుస్సేనీ ఆలం ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీలో సీటు కావాలన్నా, మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీలో కావాలన్నా ఇదే దారి. మొదటి విడతలో రూ.200 ఫీజు కట్టి, ఇంట్లోనే కూర్చుని కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవచ్చు. కాలేజీల చుట్టూ తిరిగే పని తప్పింది. డొనేషన్ బేరాలు తగ్గాయి. ఆడపిల్లలకు ఇది నిజంగా మేలు చేసిన ఏర్పాటు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

కానీ తొలి ఏళ్లలోనే ఒక రోగం బయటపడింది. కొన్ని ప్రైవేట్ కాలేజీలు పిల్లల హాల్ టికెట్ నంబర్లు సంపాదించి, వాళ్లకు తెలియకుండానే వాళ్ల పేరు మీద రిజిస్ట్రేషన్ చేసి, తమ కాలేజీనే మొదటి ఆప్షన్‌గా పెట్టేస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. పిల్లవాడు తీరా అప్లై చేద్దామని కూర్చుంటే, "ఇప్పటికే రిజిస్టర్ అయ్యారు" అని తెర మీద కనిపించేది. దీనికి మందుగా ఆధార్‌తో లింక్ అయిన మొబైల్‌కు ఓటీపీ పంపే పద్ధతి వచ్చింది. రిజిస్ట్రేషన్ అయ్యాక విద్యార్థికి దోస్త్ ఐడీ, ఆరు అంకెల పిన్ వస్తాయి. ఆ పిన్ ఎవరి దగ్గరుంటే ఆప్షన్లు మార్చే అధికారం వాళ్లదే. అందుకే పిన్ ఎవరికీ చెప్పవద్దని అధికారులు ప్రతి ఏడాదీ చెబుతూనే ఉంటారు.

తాళం గట్టిదే, తాళంచెవే ఎవరి జేబులో ఉందో తెలియదు. పాతబస్తీలో చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఒకటే ఉంటుంది. అమ్మాయి ఆధార్‌కు లింక్ అయిన నంబర్ అన్నది కావచ్చు, మామది కావచ్చు, సౌదీలోనో దుబాయ్‌లోనో పనిచేస్తున్న తండ్రిది కావచ్చు. కొన్నిసార్లు ఆ సిమ్ రీచార్జ్ లేక ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. నంబర్ లేకపోతే హెల్ప్‌లైన్ సెంటర్‌కో, మీసేవకో వెళ్లి వేలిముద్ర వేయాలి. అంత తిరగడం ఎందుకని ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయికే అన్నీ అప్పగిస్తారు. అతను తన నంబర్, తన మెయిల్ ఐడీ పెట్టి పని కానిచ్చేస్తాడు. పిన్ ఒక చిట్టీ మీద రాసిస్తాడు, తన నోట్‌బుక్‌లోనూ రాసుకుంటాడు. సర్టిఫికెట్లు, ఫోటో వాట్సాప్‌లో పంపమంటాడు. సీజన్ అయ్యేసరికి వందల మంది పిల్లల ఆధార్ కాపీలు ఒక షాపు కంప్యూటర్‌లో, ఒక ఫోన్ గ్యాలరీలో పోగవుతాయి. వీళ్లలో ఎక్కువమంది మంచివాళ్లే, యాభై వంద రూపాయలకు పేదవాళ్ల పని చేసిపెడుతున్నవాళ్లే. ఒక మనిషి మంచితనం మీద ఇంత భారం పెట్టిన ఏర్పాటే బాగాలేదు. ఆ కంప్యూటర్ రేపు సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముడుపోతే? అడిగేవాడు ఉండడు, చెప్పేవాడూ ఉండడు.

స్కాలర్‌షిప్ సంగతి

ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే ఈపాస్‌లో ఇంకా లోతైన వివరాలు ఇవ్వాలి. పట్టణాల్లో మైనారిటీ కుటుంబాలకు ఆదాయ పరిమితి ఏడాదికి రూ.2 లక్షలు. ఆ లోపు ఉన్నామని సర్టిఫికెట్ పెట్టాలి, బీసీ-ఈ అయితే కుల సర్టిఫికెట్ పెట్టాలి, బ్యాంక్ ఖాతా ఇవ్వాలి, మీసేవలో వేలిముద్ర వేయాలి. ఒక పేద కుటుంబం గురించి తెలుసుకోవాల్సినదంతా ఒక్క ఫైల్‌లో దొరుకుతుంది.

ఇలాంటి ఫైళ్లు చెడ్డ చేతుల్లో పడితే ఏమవుతుందో దేశం ఇప్పటికే చూసింది. కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ తన స్కాలర్‌షిప్పుల మీద తనిఖీ చేయిస్తే, పరిశీలించిన 1,572 విద్యాసంస్థల్లో 830 సంస్థలు నకిలీవనో, అసలు నడవనివనో తేలింది. 2017-18 నుంచి 2021-22 వరకు ఐదేళ్లలో ఈ సంస్థల పేరు మీద పోయిన సొమ్ము రూ.144 కోట్లకు పైనే. 2023 ఆగస్టులో సీబీఐ కేసు నమోదు చేసింది.

ఈ కుంభకోణాన్ని అందరూ డబ్బు దొంగతనంగానే చూశారు. కానీ దొంగ అప్లికేషన్ గాలిలోంచి పుట్టదు. దానికి ఒక పేరు కావాలి, ఆధార్ నంబర్ కావాలి, ఖాతా కావాలి. పోర్టల్‌లో కాలేజీ తరఫున దరఖాస్తులు ఆమోదించే నోడల్ ఆఫీసర్ లాగిన్ కావాలి. అంటే డబ్బు పోకముందే వివరాలు పోయాయి. దాని ఫలితం అనుభవించిందీ నిజాయితీగా చదువుకుంటున్న పిల్లలే. మోసం బయటపడిన ప్రతిసారీ ఇంకో వెరిఫికేషన్, ఇంకో వేలిముద్ర, ఇంకో ఆలస్యం వాళ్ల నెత్తినే పడుతుంది. వేరేవాళ్లు మీ పేరుతో ముందే అప్లై చేసి ఉంటే, అసలు విద్యార్థి మీరేనని నిరూపించుకునే పని కూడా మీదే.

ఇంకో ప్రమాదం ఉంది. ఆధార్, పాస్‌బుక్, ఓటీపీ మూడూ ఒకే చేతికి చిక్కితే విద్యార్థి పేరు మీద ఖాతా తెరిచి సైబర్ మోసాల సొమ్ము తిప్పవచ్చు. పోలీసులు మ్యూల్ ఖాతా అనేది దీన్నే. అప్పుడు ఇంటికి వచ్చే నోటీసు మోసగాడి పేరు మీద రాదు, ఖాతాదారు పేరు మీద వస్తుంది. ఉద్యోగం కోసమో, పాస్‌పోర్టు కోసమో తిరుగుతున్న కుర్రాడికి ఆ నోటీసు అంటే ఏమిటో పాతబస్తీ తల్లిదండ్రులకు విడిగా చెప్పక్కర్లేదు.

లీకైతే ఎంత దూరం పోతుంది?

"మా వివరాలు ఎవడికి కావాలి భాయ్?" అనే మాట తరచూ వినిపిస్తుంది. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. వాళ్ల దగ్గర 16.8 కోట్ల మంది వివరాలు దొరికాయి. అందులో నీట్ రాసిన విద్యార్థుల పేర్లు, తండ్రుల పేర్లు, ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయని పోలీసులు చెప్పారు. కొద్ది రోజులకే, ఏప్రిల్ మొదట్లో, ఇంకో నిందితుడి దగ్గర 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు పట్టుబడ్డాయి. ఆన్‌లైన్ కోచింగ్ కంపెనీల విద్యార్థుల జాబితాలు అందులోనూ ఉన్నాయి. అంటే కొనేవాళ్లు ఉన్నారు, ధర ఉంది, మార్కెట్ ఉంది. ఫలితాలు రాగానే ఇంటర్ పాసైన పిల్ల తండ్రికి ఎక్కడో ఉన్న కాలేజీ నుంచి పేరు పెట్టి మరీ ఫోన్ ఎలా వస్తుందన్న ప్రశ్నకు జవాబు వెతకాల్సింది ఇలాంటి చోటే.

ప్రభుత్వం చేతిలో ఉన్నవి భద్రంగా ఉంటాయన్న ధీమా కూడా పనికిరాదు. 2024లో తెలంగాణ పోలీసుల సొంత యాప్ హాక్ఐ నుంచే పౌరుల వివరాలు బయటికి పోయాయి. ఆ ఏడాది జూన్‌లో ఒక ఇరవై ఏళ్ల విద్యార్థిని ఉత్తరాదిలో అరెస్టు చేశారు. పోలీసుల యాప్‌కే ఈ గతి పడితే, ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా వాడే ఎక్సెల్ షీట్ గురించి ఏమనాలి?

ఇంకా దొంగతనం దాకా పోకుండానే బయటపడే వివరాలు ఉన్నాయి. మన దగ్గర ఫలితాలు చూడడానికి హాల్ టికెట్ నంబర్ ఒక్కటి కొడితే చాలు, పేరు, మార్కులు తెర మీదికి వచ్చేస్తాయి. హాల్ టికెట్ నంబర్లు వరుసగా ఉంటాయి కాబట్టి పక్క నంబర్ కొడితే పక్క అమ్మాయి మార్కులు కనిపిస్తాయి. పుట్టిన తేదీ కూడా అడిగితే ఈ తలుపు మూసుకుంటుంది. పైసా ఖర్చు లేని పని అది.

ఆడపిల్లల విషయంలో లీక్ లెక్క వేరు. ఫోటో, ఫోన్ నంబర్ తెలియని చేతుల్లో పడి రెండు పిచ్చి మెసేజీలు వచ్చాయనుకోండి. తప్పు చేసినవాడిని పట్టుకోవడం కన్నా అమ్మాయి ఫోన్ లాక్కోవడం, కాలేజీ మాన్పించడం తేలిక అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అంటే వివరాలు పారేసుకున్నది ఒక ఆఫీసు, చదువు పోగొట్టుకున్నది ఒక ఆడపిల్ల. పర్దా పాటించే కుటుంబం కూతురి ఫోటోను ఎంత జాగ్రత్తగా ఇస్తుందో, తీసుకున్నవాళ్లు అంత జాగ్రత్తగా దాచాలి. ఉర్దూలో దానికి అమానత్ అనే మాట ఉంది. ఒకరు నమ్మి అప్పగించిన సొత్తు అది, తీసుకున్నవాడి సొంతం కాదు.

ముఖమే పాస్‌వర్డ్ అయితే

2020లో దోస్త్‌కు టీ యాప్ ఫోలియో ద్వారా సెల్ఫీతో రిజిస్టర్ అయ్యే వీలు వచ్చింది. విద్యార్థి దిగిన ఫోటోను ఇంటర్ బోర్డు దగ్గరున్న ఫోటోతో కంప్యూటర్ పోల్చి చూస్తుంది. కరోనా రోజుల్లో మీసేవ లైన్లలో నిలబడే బాధ తప్పింది, నిజమే. కానీ పరీక్ష కోసం ఇచ్చిన ఫోటో ముఖ గుర్తింపు యంత్రానికి ముడిసరుకు అయింది. ఆ ఫోటో ఇచ్చిన రోజు పిల్లవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

పాతబస్తీ ఈ విషయంలో మామూలు ఊరు కాదు. కార్డన్ సెర్చ్‌లు, రాత్రిళ్లు అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకుపోయిన ఆపరేషన్ చబూత్రా ఇక్కడి జ్ఞాపకాలు. 2021 మేలో లాక్‌డౌన్ సమయంలో పోలీసులు తనను ఆపి, మాస్క్ తీయమని ఫోటో తీశారని, ఆ ఫోటో ఎందుకో చెప్పలేదని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ముఖ గుర్తింపు వాడకానికి చట్టం ఏదని ఆయన ప్రశ్న. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. పిల్లల ఫోటోలు పోలీసులకు పోతున్నాయని ఇక్కడ ఎవరూ అనడం లేదు. పోకూడదని రాసిన కాగితం ఏదైనా ఉందా అన్నదే అడగాల్సిన మాట. సీటు కోసం ఇచ్చిన ఫోటో సీటుకే వాడాలి. ఆ గీత ఎక్కడా గీయలేదు.

చట్టం ఏమంటోంది?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చింది. 2018 సెప్టెంబర్ 26న ఆధార్ తీర్పులో స్కూల్ అడ్మిషన్లకు ఆధార్ తప్పనిసరి చేయవద్దంది. సీబీఎస్‌ఈ, నీట్, యూజీసీ లాంటివి చట్టం అండ లేకుండా ఆధార్ అడగడం చెల్లదని కూడా చెప్పింది. కౌంటర్ దగ్గర మాత్రం "ఆధార్ లేదా? అయితే రేపు రండి" అన్నదే చట్టం.

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నిబంధనలు రావడానికి 2025 నవంబర్ దాకా పట్టింది. అసలు బాధ్యతలు అమల్లోకి వచ్చేది నిబంధనలు వచ్చిన 18 నెలలకు, అంటే 2027 మేలో. అప్పటి నుంచి ఏ సంస్థ అయినా వివరాలు ఎందుకు తీసుకుంటోందో అర్థమయ్యే భాషలో చెప్పాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా ఆ నోటీసు అడగవచ్చు, అందులో తెలుగూ ఉంది, ఉర్దూ ఉంది. తప్పులు సరిచేయమని, పని అయిపోయాక చెరిపేయమని అడిగే హక్కు వస్తుంది. లీక్ జరిగితే బాధితులకు చెప్పాలి. భద్రత చూసుకోని సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా పడవచ్చు. పద్దెనిమిది నిండని వాళ్లను చట్టం పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. ఇంటర్ పాసై దోస్త్‌కు అప్లై చేసే పదిహేడేళ్ల అమ్మాయి ఈ లెక్కలో చిన్నపిల్లే.

వినడానికి బాగానే ఉంది. మెలిక కింద ఉంది. రాయితీలు, ప్రయోజనాలు, సర్టిఫికెట్లు ఇచ్చే ప్రభుత్వ సంస్థలకు ప్రతిసారీ కొత్తగా అనుమతి అడగక్కర్లేని వెసులుబాటు చట్టంలో ఉంది. స్కాలర్‌షిప్పులు పడేది ఎక్కువగా ఆ గూటిలోనే. జరిమానా కట్టినా ఆ సొమ్ము కేంద్ర ఖజానాకు పోతుంది, నష్టపోయిన విద్యార్థికి పైసా రాదు. అంతేకాదు, అనుమతి అనే మాటకే ఇక్కడ బలం తక్కువ. "నేను ఒప్పుకుంటున్నాను" అన్న డబ్బాలో టిక్ పెట్టకపోతే ఫారం ముందుకు కదలదు. కాదంటే సీటు లేదు. కాదనే దారి లేనప్పుడు అవునన్న మాటను అనుమతి అనగలమా?

చేయాల్సింది ఎవరు?

మొదటి బాధ్యత వివరాలు అడిగేవాళ్లదే. ఉన్నత విద్యామండలి, యూనివర్సిటీలు, కాలేజీలు 2027 దాకా ఆగక్కర్లేదు. ఏ వివరం ఎందుకు, ఎన్నాళ్లు ఉంచుతాం, ఏ ప్రైవేట్ కంపెనీకి ఇచ్చాం అన్నది తెలుగులో, ఉర్దూలో ఒక పేజీ రాసి పోర్టల్ మీద, కాలేజీ గోడ మీద పెట్టవచ్చు. కంపెనీకి పని అప్పగించినంత మాత్రాన బాధ్యత తీరదని 2019 ఇంటర్ ఫలితాల గందరగోళం నేర్పింది. అప్పుడు తప్పు ప్రైవేట్ సాఫ్ట్‌వేర్ సంస్థదా, బోర్డుదా అన్న వాదన సాగుతుండగానే ప్రాణాలు తీసుకున్న పిల్లలు ఉన్నారు. ప్రతి ప్రభుత్వ కాలేజీలో అడ్మిషన్ నెలల్లో ఉచిత సహాయ కౌంటర్ పెట్టి, ఆడపిల్లల దగ్గర మహిళా సిబ్బందిని కూర్చోబెడితే జిరాక్స్ షాపు దాకా పోవాల్సిన పనే సగం తగ్గుతుంది.

ఇంట్లో చేసుకోగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి. పరీక్షలకు ముందే అమ్మాయి ఆధార్‌కు ఇంట్లో వాడుకలో ఉన్న నంబర్ లింక్ చేయించాలి. సెంటర్‌కు వెళ్తే మన నంబర్, మన మెయిల్ పెట్టించి, పిన్ మనమే టైప్ చేయాలి. సర్టిఫికెట్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, పని కాగానే కంప్యూటర్‌లోంచి మన కళ్ల ముందే చెరిపించాలి. సీటు ఖాయం చేసుకునే రోజు కాలేజీలో చెప్పే ఓటీపీ వేరు, అంతకుముందే ఎవరైనా ఫోన్ చేసి అడిగే ఓటీపీ వేరు. రెండోది ఎవరికీ చెప్పకూడదు. నంబర్ మొత్తం అవసరం లేని చోట మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి. వేలిముద్ర పని లేని రోజుల్లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు, ఉడాయ్ దాన్ని ఉచితంగానే ఇస్తోంది. మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీలో చూసుకోవచ్చు. ఏదైనా తేడా కనిపిస్తే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెప్పాలి. ఇంకొకరి గుర్తింపు వాడుకోవడం ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడే నేరం.

ఇవన్నీ చేసినా సగం కాపలానే. సర్కారు సర్వర్‌కు కుటుంబం తాళం వేయలేదు. అందుకే స్కాలర్‌షిప్ బకాయిల కోసం ధర్నా చేసే విద్యార్థి సంఘాలు, మస్జిద్ కమిటీలు, బస్తీ పెద్దలు ఇకమీదట ఇంకో ప్రశ్న కూడా చేర్చుకోవాలి. మా ఫీజు ఎప్పుడిస్తారు అన్న ప్రశ్నతో పాటు, మేమిచ్చిన వివరాలు ఎవరి దగ్గరున్నాయి అని కూడా అడగాలి. ఆధార్ కాపీ అందుకునే ప్రతి చేతినీ "ఇది ఎందుకు? పని అయ్యాక ఏం చేస్తారు?" అని అడగడం అమర్యాద కాదు. కౌంటర్ ముందు లైన్‌లో నిలబడ్డ ప్రతి అమ్మకూ, అబ్బాకూ ఆ మాట అడిగే హక్కు ఉంది.